బాతుల్ని రాత్రి గూట్లో పెట్టడం: సాయంత్రం మేత నుంచి పొద్దుటి గుడ్ల దాకా

పెరట్లో నాలుగు బాతులు పెంచుకుందామనుకునేవాళ్లు ముందు అడిగేది చెరువు గురించే. "మాకు చెరువు లేదండీ, పెంచొచ్చా?" అని. పెంచొచ్చు. తల మొత్తం ముంచుకోగలిగే నీళ్ల తొట్టి ఉంటే చాలు. అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి ఎక్కడ పడుకుంటాయి? పడుకునే ముందు ఏం తింటాయి? పొద్దున ఎన్నింటికి వదలాలి? నేను చూసినంతలో పెరటి బాతులు చేజారేది చాలావరకు రాత్రిపూటే. పగలు కాలవలో, బోదెల్లో వాటి సంగతి అవే చూసుకుంటాయి.

మాది ఆకివీడు దగ్గర పల్లె. ఇప్పుడు మా ఇంట్లో ఎనిమిది ఉన్నాయి. ఆరు ఖాకీ క్యాంప్‌బెల్ పెట్టలు, ఒక పుంజు, ఒక నాటు పెట్ట. ఖాకీ క్యాంప్‌బెల్ అంటే ఇంగ్లండ్‌లో ఆడెలె క్యాంప్‌బెల్ అనే ఆవిడ 19వ శతాబ్దం చివర్లో తయారుచేసిన జాతి. బాగా చూసుకుంటే ఏడాదికి 280 దాకా గుడ్లు పెడుతుంది. మా లాంటి పెరటి పెంపకంలో అంత ఆశ పెట్టుకోకండి. ఆ గుడ్లు మన చేతికి రావాలన్నా రాత్రి గూడు సరిగ్గా ఉండాల్సిందే. ఎందుకో పొద్దుటి సంగతి దగ్గర చెబుతాను.

ముందు గూడు

ఒక్కో పెద్ద బాతుకి మూడు నుంచి నాలుగు చదరపు అడుగుల చోటు కావాలి. ఎనిమిదింటికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సరిపోతుంది. ఎత్తు మీరు వంగి లోపలికి వెళ్లి ఊడ్చుకునేంత ఉండాలి. బాతులు కోళ్లలా దండెం ఎక్కవు, నేల మీదే పడుకుంటాయి కాబట్టి దండేలు, మెట్లు అక్కర్లేదు. నేల మాత్రం చుట్టుపక్కల కంటే కనీసం అరడుగు ఎత్తులో, ఒక పక్కకి కాస్త వాలుగా ఉండాలి. తుపాను రాత్రి గూట్లోకి నీళ్లొస్తే "బాతులే కదా, ఈదుతాయిలే" అనుకునేవాళ్లున్నారు. పడుకునే చోటు తడిస్తే వాటికీ జబ్బులే.

కింద రెండడుగులు గోడ కట్టండి. ఇటుక అయినా, చెక్కలయినా, పాత రేకులయినా పరవాలేదు, సందు లేకుండా ఉండాలి. దాని పైన గాలి ఆడేలా మెష్. ఇక్కడ మాత్రం పిసినారితనం చూపొద్దు. ఆరుకోణాల గళ్లతో చుట్టల్లో అమ్మే పల్చటి కోళ్ల జాలీ బాతుల్ని లోపల ఆపుతుందే కానీ కుక్కని బయట ఆపదు. ఊరకుక్క పళ్లతో పట్టి లాగితే చిరుగుతుంది. అర అంగుళం గళ్ల వెల్డ్ మెష్ తీసుకోండి. గోడ కింద నుంచి బయటి వైపుకి అడుగు వెడల్పున అదే మెష్ పరిచి మట్టి కప్పండి. పందికొక్కు గోడ పక్కనే తవ్వడం మొదలుపెడుతుంది, మెష్ తగలగానే మానేస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి ఉండదు, మన అదృష్టం.

తలుపుకి గొళ్లెం ఒక్కటే పెట్టి వదిలేయకండి. మా పక్కింటి కుక్క మూతితో గొళ్లెం లేపడం నేర్చుకుంది. గొళ్లేనికి ఒక కొక్కెమో, తాళమో తోడు ఉండాలి.

నేల మీద వరి ఊక మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. ఒక మూల ఎండుగడ్డి వేసి, ఇటుకలు అడ్డం పెట్టి, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న గదులు చేయండి. మూడు పెట్టలకి ఒక గది చాలు. నాలుగు గదులు కట్టినా అన్నీ ఒకదాంట్లోకే దూరి తోసుకుంటాయి, అది వేరే సంగతి.

సాయంత్రం మేత

పొద్దు గూకడానికి గంటన్నర ముందు మేత కలపండి. పెద్ద బాతుకి రోజుకి సుమారు 120 గ్రాముల మేత లెక్క. ఎనిమిదింటికి దాదాపు కిలో. పగలంతా కాలవలో నత్తలు, పురుగులు, నాచు తిని వచ్చేవాటికి అందులో సగం సాయంత్రం పెడితే సరిపోతుంది. బయటికి వదలకుండా పెరట్లోనే ఉంచేవాళ్లు పొద్దున సగం, సాయంత్రం సగం పెట్టండి.

నేను కిలోకి కలిపే లెక్క ఇది: 450 గ్రాముల నూకలు, 300 గ్రాముల తాజా తవుడు, 150 గ్రాముల సోయా చెక్క, 60 గ్రాముల ఉప్పు లేని ఎండు చేపల పొడి, మిగతా 40 గ్రాములు గుల్లపొడి. ప్రొటీన్ 16, 17 శాతం మధ్య వస్తుంది, గుడ్లు పెట్టే బాతుకి అది చాలు. గుల్లలు ఇంకొంచెం దంచి విడిగా ఒక మూకుడులో పెట్టండి. పెంకుకి కావలసినంత అవే ఏరుకుంటాయి, పుంజు దాని జోలికే పోదు. ఎండు చేపలు కొనేటప్పుడు ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. కూరకని ఉప్పు పట్టించిన చేపలు బాతులకి విషంతో సమానం.

సోయా చెక్క బదులు వేరుశనగ చెక్క చవగ్గా దొరుకుతుంది కదా అంటారు. నేను మానేశాను. వేరుశనగ చెక్కలోనూ మొక్కజొన్నలోనూ తేమ తగిలితే ఒక రకం బూజు పడుతుంది. అది వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషానికి పెంపుడు పక్షుల్లో అందరికంటే ముందు పడిపోయేవి బాతులే. అదే చెక్క తిన్న కోడి తిరుగుతూనే ఉంటుంది, బాతు పిల్ల చచ్చిపోతుంది. కాబట్టి ఏ చెక్క కొన్నా చేత్తో చిదిపి వాసన చూడండి. ముక్కిన వాసనొచ్చినా, పచ్చటి, నల్లటి మచ్చలు కనిపించినా పారేయండి. ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు.

ఇప్పుడు కలపడం. బాతుకి పొడి మేత వేయకూడదు. దాని ముక్కు పొడిని ఏరుకునేది కాదు, నీళ్లలోంచి వడకట్టుకునేది. పొడి తవుడు వేస్తే గొంతుకి అడ్డం పడి మెడ చాచి తల విదిలిస్తూ ఉంటుంది. నీళ్లు పోసి, పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తడితే విడిపోయేలా కలపండి. జారుగా చేస్తే సగం నేలపాలు. వెడల్పాటి బేసిన్‌లో వేసి, ఐదారు అడుగుల దూరంలో నీళ్ల తొట్టి పెట్టండి. నాలుగు ముద్దలు తిని నీళ్ల దగ్గరికి పరుగెత్తడం, ముక్కు కడుక్కోవడం, మళ్లీ రావడం, అలా పది నిమిషాలు సాగుతుంది. ఆ మధ్య దారంతా తవుడు బురద అవుతుంది. దాన్ని ఆపాలని చూడకండి, ఎవరివల్లా కాలేదు. మేతా నీళ్లూ గూటి బయటే పెట్టమనేది అందుకే.

నీళ్ల తొట్టి ఐదారు అంగుళాల లోతుండాలి. ముక్కు రంధ్రాలు, కళ్లు నీళ్లలో ముంచి కడుక్కోకపోతే కళ్ల చుట్టూ పుసి కట్టి, రెప్పలు అంటుకుపోతాయి. కోళ్లకి వాడే ప్లాస్టిక్ నీళ్ల డబ్బా తాగడానికి పనికొస్తుంది, కడుక్కోవడానికి కాదు.

అరగంటలో తినగా మిగిలింది తీసేయండి. తడి మేత రాత్రంతా ఉంటే పులుస్తుంది, ఎలుకల్ని పిలుస్తుంది. ఎలుకలొస్తే వాటి వెనకే పాము వస్తుంది. మేత బస్తా కూడా గూట్లోనో గూటి పక్కనో పెట్టకండి, మూతున్న డ్రమ్ములో ఇంట్లో ఉంచండి.

లోపలికి తోలడం

చీకటి పడితే కోడి తనంతట తను గూటికి వస్తుంది. బాతు రాదు. కాలవ గట్టు మీదే తల వెనక్కి తిప్పి, ముక్కు రెక్కల్లో దోపుకుని పడుకుంటుంది. అక్కడే దాన్ని కుక్క చూస్తుంది.

కొత్తగా తెచ్చినవాటిని వారం రోజులు గూట్లోనూ గూటి ముందు కంచెలోనూ ఉంచండి, బయటికి వదలొద్దు. మేత ఎప్పుడూ అక్కడే, ఒకే వేళకి, ఒకే పిలుపుతో పెట్టండి. మా ఇంట్లో బేసిన్ అంచు మీద గరిటెతో కొట్టడమే పిలుపు. వారం తర్వాత ఆ చప్పుడు వినిపిస్తే వీధి చివరి నుంచి కూడా వరస కట్టి వచ్చేస్తాయి.

తోలేటప్పుడు రెండు చేతులూ చాచి, ఒక చేతిలో పొడుగు వెదురు కర్ర పట్టుకుని నెమ్మదిగా నడవండి. కోతల తర్వాత మా చేలల్లోకి మందలు తోలుకొచ్చే బాతులవాళ్లని గమనిస్తే ఈ విద్య తెలుస్తుంది. వందల బాతుల్ని ఒక్క మనిషి తోలతాడు, ఒక్కసారి కూడా పరుగెత్తడు. రాత్రికి చేలోనే వల చుట్టూ కట్టి దొడ్డి చేస్తారు. ఒక్క బాతు విడిపోయిందని దాని వెంట పడితే మిగతా ఏడూ చెదిరిపోతాయి. ఏడింటినీ లోపల పెట్టండి, ఎనిమిదోది తలుపు దగ్గరికొచ్చి అదే అరుస్తుంది.

ఎప్పుడైనా ఎత్తుకోవాల్సి వస్తే కాళ్లు పట్టి లేపకండి. కోడికి చెల్లుతుంది, బాతు కాళ్లు సుకుమారం, కీలు తప్పుతాయి. రెండు చేతులతో రెక్కలు కదలకుండా పట్టి, ఒంటికి ఆనించుకుని ఎత్తండి.

లోపలికి వెళ్తున్నప్పుడే లెక్క పెట్టండి, నడక చూడండి. కుంటుతోందా, మెడ వాలుస్తోందా, వెనక పడుతోందా? వేసవిలో ఎండిపోతున్న గుంటల్లో కుళ్లిన చేపలుంటే ఆ నీళ్లలో తిరిగిన బాతులకి మెడ నిలవకుండా పోతుంది. అలాంటి గుంట కనిపిస్తే మర్నాటి నుంచి అటు వెళ్లకుండా కంచె వేయండి. ఇల్లు కడుతున్న చోట తిరిగినవయితే ఇంకో భయం ఉంది. బాతులు మెరిసేవన్నీ మింగుతాయి. మేకు, తీగ ముక్క, సీసా మూత, ఏదయినా సరే.

రాత్రి నీళ్లు పెట్టాలా?

ఇక్కడ పెంపకందార్లు రెండు పార్టీలు. నా పద్ధతి చెబుతాను. పెద్ద బాతులకి, వాన, చలి కాలాల్లో, రాత్రి మేతా వద్దు, నీళ్లూ వద్దు. కడుపు నిండా తిని, తాగి లోపలికి వెళ్తే పొద్దుటిదాకా ఆగుతాయి. తొట్టి లోపల పెడితే అర్ధరాత్రికల్లా ఊకంతా బురదే. తడి ఊకలో రెట్ట కలిస్తే ఘాటు పుడుతుంది, కళ్లు మండుతాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఏ కారణంతోనైనా లోపల మేత ఉంచితే నీళ్లు కూడా ఉండి తీరాలి. నీళ్లు లేకుండా మేత ఒక్క పూట కూడా వద్దు.

ఏప్రిల్, మే నెలలు, జూన్ మొదటి వారాలు వేరు. అర్ధరాత్రి కూడా ఉక్క తగ్గదు, బాతులు ముక్కు తెరిచి రొప్పుతాయి. అప్పుడు నీళ్లు ఉండాలి. ఎలా పెట్టాలో తెలియక నేను ఒక బాతుని పోగొట్టుకున్నాను.

ఊక తడవకూడదని తెలివిగా ఆలోచించాననుకుని, మెష్‌లో ఒక చోట జానెడు వెడల్పున కోసి, తొట్టి బయట పెట్టాను. బాతులు మెడ బయటికి పెట్టి తాగుతాయి, నీళ్లు బయటే ఒలుకుతాయి. నాలుగు రాత్రులు బాగా నడిచింది. ఐదో పొద్దున తలుపు తీస్తే ఏడు బాతులు అవతలి మూలన ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎనిమిదోది కంత దగ్గర పడి ఉంది, తల లేదు. బయట తడి మట్టిలో గుండ్రటి అడుగులు, గోళ్ల గుర్తు లేదు. ఏదో పిల్లి జాతే. మెడ బయటికి వచ్చేదాకా కూర్చుని ఉంటుంది. గూడు గట్టిదే, మెష్ గట్టిదే, కంత కోసింది నేను.

ఇప్పుడు తొట్టి లోపలే, వాలు ఉన్న మూలన పెడుతున్నాను. అక్కడ ఊక తీసేసి, ఇసుక పోసి, దాని మీద సరివి కర్రలతో కొట్టిన పలకల చట్రం, దాని మీద తొట్టి. ఒలికిన నీళ్లు సందుల్లోంచి ఇసుకలోకి దిగి, గోడ అడుగున పెట్టిన గొట్టంలోంచి బయటికి పోతాయి. గొట్టం నోటికి కూడా మెష్ ముక్క కట్టాను.

ఒకటి చెప్పాలి. బాతు పోయిందన్న కోపంతో ఉచ్చులు, విషం ఎరలు పెట్టకండి. కోరింగ మడ అడవుల్లోనూ కృష్ణా డెల్టాలోనూ ఉండే బావురుపిల్లికి చట్టంలో పులికి ఉన్నంత రక్షణ ఉంది. ఆ విషం దానికి కాకపోతే మీ ఊరి కుక్కకో, పిల్లలకో తగులుతుంది.

రాత్రి అలికిడి

బాతులు రాత్రంతా మౌనంగా ఉండవు. సన్నగా గొణుక్కుంటూ ఉంటాయి, అది మామూలే. వరసలో చివర పడుకున్నది ఒక కన్ను తెరుచుకునే నిద్రపోతుంది. 1999లో అమెరికాలో మల్లార్డ్ అనే అడవి బాతుల మెదడు తరంగాలు చూసి ఈ సంగతి తేల్చారు. మెదడులో ఒక సగం నిద్రపోతుంటే రెండో సగం కాపలా కాస్తుందట. మన పెంపుడు బాతుల్లో చాలావరకు ఆ మల్లార్డ్ వంశమే.

ఒక్కసారిగా అన్నీ కలిసి అరిస్తే మాత్రం లేవండి. గట్టిగా అరిచేవి పెట్టలే, పుంజుది బొంగురు గొంతు. టార్చి, కర్ర, కాళ్లకి బూట్లు లేకుండా బయటికి వెళ్లకండి, గుడ్ల కోసం పాము వచ్చి ఉండొచ్చు. ముందు దూరం నుంచే నేల మీద వెలుగు వేసి చూడండి. కటిక చీకట్లో బెదిరితే బాతులు గూడంతా తొక్కుకుంటూ తిరిగి కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. నేను గూటి చూరుకి ఒక జీరో బల్బు వేలాడదీశాను. అది పెట్టాక తొక్కిసలాట తగ్గింది.

పిల్లలుంటే

పైన చెప్పినవి పెద్దవాటికి. పిల్లలకి మొదటి వారం 29 నుంచి 32 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. గంప మీద బల్బు వేలాడదీసి వాటిని చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, గోడలకి అంటుకుంటే వేడి. విడివిడిగా పడుకుంటే సరిపోయినట్టు. వీటికి రాత్రి కూడా మేతా నీళ్లూ ఉండాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే అందులోకి దిగి తడిసి, తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. తల్లి బాతు దగ్గర పెరిగే పిల్లలకి తల్లి ఈకల నూనె అంటుతుంది, కోడి పొదిగిన పిల్లలకి ఆ వసతి లేదు. బ్రాయిలర్ మేత పెడితే కాళ్లు వంకర పోవచ్చు, ఎందుకంటే బాతు పిల్లకి నియాసిన్ అనే విటమిన్ కోడి పిల్ల కంటే ఎక్కువ కావాలి. కాస్త ఈస్ట్ పొడి కలపండి.

పొద్దున

కోడి పుంజు కూసింది కదా అని ఆరింటికే తలుపు తీయకండి. బాతులు గుడ్లు పెట్టేది తెల్లవారుజాము నుంచి, దాదాపు అన్నీ తొమ్మిదిలోపు అయిపోతాయి. తొందరపడి వదిలితే ఆ గుడ్లు కాలవలో, బోదె గట్టున, పక్కవాళ్ల అరటి తోటలో పెడతాయి. మొదటి ఏడాది మా గుడ్లు వీధి పిల్లలు తిన్నారు. నేనేమో జాతి మంచిది కాదని అమ్మినాయనతో గొడవ పడ్డాను.

ఏడింటికి ఒక తొట్టి నీళ్లు లోపల పెట్టండి, తాగి శాంతిస్తాయి. ఎనిమిదిన్నర, తొమ్మిదికి వదలండి. పొద్దుటి మేత పెట్టేవాళ్లు అప్పుడు గూటి ముందు పెట్టండి. అవి తింటుండగా గుడ్లు ఏరుకోండి, ఊకలో చెయ్యి పెట్టి వెతకండి, కప్పి పెట్టే అలవాటు ఉంటుంది. మట్టి అంటినవాటిని కడగకుండా పొడి గుడ్డతో తుడిచి దాచండి, వండే ముందు కడుక్కోవచ్చు. బాతు గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, హాఫ్ బాయిల్ వద్దు.

రాత్రి రెట్టలు ఒకసారి చూడండి. ఆకుపచ్చగా నీళ్ల విరేచనాలు, కళ్ల నుంచి నీరు, వెలుగు చూడలేకపోవడం కనిపిస్తే డక్ ప్లేగు కావచ్చు. ఆ బాతుని వేరు చేసి 1962కి ఫోన్ చేయండి, పశువైద్య వాహనం నంబరు అది. ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసులో టీకా వేయిస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. ఒక్కరాత్రిలో రెండు మూడు చచ్చిపడి ఉంటే వాటిని చేత్తో తాకొద్దు, కాలవలో పారేయొద్దు, వెంటనే పశువుల డాక్టరుకి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలిసిందే. ఆ వైరస్ బాతు ఒంట్లో ఏ జబ్బూ చూపకుండా కూడా ఉండగలదు. అందుకే గూట్లోకి వెళ్లే చెప్పులు వేరుగా ఉంచండి, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

తడిసిన ఊక తీసి, పొడి ఊక పైన చల్లండి. తీసిన ఊక కొబ్బరి చెట్ల మొదట్లో వేసుకోవచ్చు.

ఊరెళ్లాల్సి వస్తే

ఒక్క రాత్రి పెళ్లికి వెళ్లినా ఎవరికో అప్పగించాలి. "కాస్త బాతుల్ని చూసుకో వదినా" అంటే వదిన మేత పెడుతుంది, తలుపు మర్చిపోతుంది. అందుకని మేత రెండు పూటలకి కొలిచి డబ్బాల్లో పెట్టి ఇవ్వండి, నీళ్లు పోసి కలపడం ఒక్కటే ఆవిడ పని. గూటి తలుపు మీద సుద్దతో పెద్దగా బాతుల సంఖ్య రాయండి. మా తలుపు మీద ఇప్పుడు 8 ఉంది. రాత్రి ఏడున్నరకి ఫోన్ చేసి "బాతులు ఎలా ఉన్నాయి?" అని అడగొద్దు. "లోపల ఎన్ని ఉన్నాయి, కొక్కెం పెట్టావా?" అని అడగండి.